ఆరూ పదికి వచ్చిన సీసా

అక్క పేరు మీదున్న 412 నంబరు మైనపు దిమ్మలో జబ్బు లేదు. అక్క ఊపిరితిత్తుల్లో మాత్రం పదకొండు మచ్చలున్నాయి. ఈ రెండు మాటలూ ఒకే మనిషి విషయంలో నిజం కావడానికి వీల్లేదు. గడియారం చేతిలో ఉన్న ఆధారం అదొక్కటే. టైము నాలుగూ ఐదు. ఆరు దాటితే ఆ ఆధారంతో కూడా పనుండదు.

గడియారం ఆమె పేరు కాదు. పోలీసు ఉద్యోగంలో ఉన్నప్పుడు ఎవరేం చెప్పినా "ఎన్ని గంటలకి?" అని ప్రాణం తీసేది కాబట్టి తోటివాళ్ళు తగిలించిన పేరు. ఉద్యోగం వదిలేసి, సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచి నాలుగేళ్ళయింది. పేరు మాత్రం వదల్లేదు. ఈ నాలుగేళ్ళలో ఊళ్ళోవాళ్ళ గుట్టు చాలా లాగింది కానీ, సొంత అక్క ప్రాణం కోసం ఒక ల్యాబులో సొరుగులు లాగాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

మూడేళ్ళ కిందట ఇదే ఆసుపత్రిలో అక్కకి గర్భసంచి తీసేశారు. తీసినదాన్ని ఇదే ల్యాబులో పరీక్షించి, మామూలు ఫైబ్రాయిడ్ గడ్డ, భయం లేదన్నారు. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. పోయిన నెల అక్కకే ఊపిరి ఆడలేదు. స్కాన్ తీస్తే మచ్చలు బయటపడ్డాయి. క్యాన్సర్ ఆసుపత్రి డాక్టరమ్మ ఆ స్కాన్‌ని లైటుకి పెట్టి చాలాసేపు చూసి, గర్భసంచిలో పుట్టే సార్కోమా అనే క్యాన్సర్ అయ్యుంటుందంది.

"చాలా అరుదుగా వస్తుందమ్మా. అందులోనూ రకాలున్నాయి. ఒకటి కండరంలో పుడుతుంది. పరమ మొండిది. నరంలోకి గట్టి మందు ఎక్కించక తప్పదు. ఇంకోటి లోపలి పొరలో పుడుతుంది, నెమ్మదైనది. ఒంట్లో హార్మోను తిని బతుకుతుంది. ఆ తిండి ఆపేసే మాత్రలు వేస్తే ఏళ్ళ తరబడి అణిగి ఉంటుంది. మీ అక్కది ఏ రకమో తెలియకుండా నేను చెయ్యి వెయ్యలేను."

తెలుసుకోవాలని ఊపిరితిత్తిలోకి రెండుసార్లు సూది గుచ్చారు. మొదటిసారి చచ్చిన కండ వచ్చింది. రెండోసారి ఊపిరితిత్తే కుంగిపోయింది. మూడోసారి గుచ్చే ధైర్యం ఎవరికీ లేదు. ఇక మిగిలింది మూడేళ్ళనాటి గర్భసంచి ముక్క. బావ ఈ ల్యాబు చుట్టూ వారం తిరిగి 412 దిమ్మ సంపాదించి తెస్తే, అందులో ఉన్నది నిజంగానే మామూలు గడ్డ అని క్యాన్సర్ ఆసుపత్రి డాక్టర్లు తేల్చేశారు.

అక్క గుండె ముందునుంచీ బలహీనం. గట్టి మందుకి ఆ గుండె ఆగిపోవచ్చని డాక్టరమ్మే దాచకుండా చెప్పింది. ఎక్కించకపోతే ఆయాసం ఆగదు. "సాయంత్రం ఆరులోపు అసలు ముక్క తెస్తే రెండ్రోజులు ఎలాగోలా నెట్టుకొచ్చి రకం తేలుస్తాను. లేకపోతే పొద్దున మందు మొదలుపెట్టేస్తాను," అంది. మధ్యాహ్నం అక్క చెల్లెలి చెయ్యి పట్టుకుని, ఆక్సిజన్ గొట్టం పక్కనుంచి, "మందు వద్దే, భయంగా ఉంది," అంది. చిన్నప్పుడు చెల్లెలికి చీకటంటే భయం పోగొట్టిన మనిషి ఆ మాటనడం గడియారం తట్టుకోలేకపోయింది. అక్కడినుంచి సరాసరి ఇక్కడికొచ్చింది.

ఇక్కడ అంటే ల్యాబు వెనక గది. మూడు గోడలకీ నేలనుంచి కప్పుదాకా ఇనప సొరుగులు. ఒక్కో సొరుగులో వరసగా అగ్గిపెట్టెలో సగమంత మైనపు దిమ్మలు. ప్రతి దిమ్మలో ఎవరి ఒంట్లోంచో తీసిన గోరంత ముక్క. గదంతా ముక్కలు కుళ్ళకుండా పోసే ఫార్మలిన్ ఘాటు, కళ్ళు మండుతున్నాయి. ఆ ఘాటుకి ఏమాత్రం చలించకుండా ఎదురుగా స్టూలు మీద కూర్చున్నావిడ ల్యాబు సీనియర్ టెక్నీషియన్. ముక్కలకి మైనం పోసేది ఆవిడే కాబట్టి ఆసుపత్రంతా మైనపమ్మ అంటారు.

"ఈ 412 మీరే పోశారా అమ్మా?" వెంట తెచ్చిన దిమ్మని గడియారం ఆవిడ ముందు పెట్టింది.

"నేనే. నా చేతిరాతే అది. కావాలంటే చూసుకోండి, మూడేళ్ళయినా చెక్కుచెదర్లేదు."

"రాత బాగుందమ్మా. ముక్కే వేరేవాళ్ళది."

మైనపమ్మ మొహం గంటు పెట్టుకుంది. "నా చేతిలో ఇంతవరకూ ఒక్క ముక్క పోలేదు. ఎవర్నైనా అడగండి."

"పోయిందనలేదు. అసలు సీసా వచ్చిన దగ్గర్నుంచీ మీరేం చేస్తారో చెప్పండి. తొందర్లేదు." తొందర లేదన్న మనిషి అరచేతులు చెమటతో తడిసిపోయున్నాయి.

పనిగురించి అడిగేసరికి మైనపమ్మ మెత్తబడింది. ఆపరేషన్ థియేటర్నుంచి గర్భసంచి సీసాలో వస్తుంది. డాక్టరుగారు కోస్తారు. ముక్కల్ని చిల్లుల ప్లాస్టిక్ డబ్బీల్లో పెడతారు. డబ్బీ మీద నంబరు పెన్సిల్‌తోనే రాయాలి, సిరా అయితే మెషిన్లోని స్పిరిట్‌కి కరిగిపోతుంది. డబ్బీలన్నీ మెషిన్లో పెట్టి మూత వేస్తారు. రాత్రంతా అది తిప్పి తిప్పి, పొద్దున ఏడుకి ముక్కల్ని మైనం పట్టించి వదులుతుంది.

"మూత ఎన్ని గంటలకి వేస్తారు?"

"ఐదుకి. ఐదు దాటాక దేవుడొచ్చి అడిగినా తీయం. తీస్తే లోపలున్న ముక్కలన్నీ పాడవుతాయి. తర్వాత వచ్చిన సీసా మర్నాటికే."

గడియారం మెషిన్ లాగ్‌బుక్ తెరిచింది. అక్క ఆపరేషన్ బుధవారం. బుధవారం ఐదింటికి లోపల పెట్టిన డబ్బీల జాబితాలో 412 ఉంది. గురువారం జాబితాలో 413 ఉంది. ఆ రోజు తీసిన గర్భసంచులు ఈ రెండే. ఎక్కడా తేడా కనపడలేదు.

"థియేటర్నుంచి సీసాలు ఎన్ని గంటలకి వచ్చాయో ఎక్కడైనా రాసుకుంటారా?"

"సీసాల పుస్తకం ఉంటుంది. అటెండరు తెస్తే మేం టైమేసి సంతకం పెడతాం. పాతవన్నీ ఆ బీరువాలో..." అంటూ లేవబోయిన మైనపమ్మ, గుమ్మం వైపు చూసి మళ్ళీ కూలబడింది.

"కూర్చోమ్మా, కూర్చో. ఆ బీరువా ఇక ఎవరూ తెరవక్కర్లేదు."

ఆ గొంతు గడియారానికి నిద్రలో వినిపించినా గుర్తుపడుతుంది. ఒకప్పటి తన పై అధికారి. రిటైరయ్యాక ఈ ఆసుపత్రిలో విజిలెన్స్ ఆఫీసరుగా చేరాడని విన్నది కానీ, ఎదురుపడటం ఇదే. అప్పట్లో ఏ గదిలోకి అడుగుపెట్టినా ముందు లక్క కరిగించి సీలు వేశాకే మాట్లాడేవాడు కాబట్టి అందరూ సీలు సార్ అనేవాళ్ళు. ఇప్పుడూ ఒక చేతిలో లక్క కడ్డీ, ఇంకో చేతిలో కాగితం ఉన్నాయి.

"మీ బావ పొద్దున లాయరు నోటీసు పంపాడట. సూపరింటెండెంటుగారి ఆర్డరు. రికార్డులన్నీ సీజ్. బయటికి నడువు."

"ఆర్డరు ఒకసారి చూపించండి సార్."

కాగితం ఇచ్చాడు. ఆమె ఒక్కసారే చదివి తిరిగి ఇచ్చేసింది. "సాయంత్రం ఐదు గంటలనుంచి అని ఉంది. ఇప్పుడు నాలుగూ ముప్పై ఒకటి. ఇరవై తొమ్మిది నిమిషాలు నావి."

"నీ లెక్కలు నా దగ్గరా?"

"నేర్పింది మీరే కదా సార్. కాగితంలో ఉన్నదే చెయ్యి, లేనిది చెయ్యకు అనేవారు."

సీలు సార్ పళ్ళు కొరికాడు. కానీ కాగితం మాట జవదాటడం ఆయన ఒంట్లో లేదు. స్టూలు లాక్కుని గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాడు. "చూసుకో. మీ అక్క అని తెలిసి జాలిపడుతున్నాను. అంతమాత్రాన ఈ ఆసుపత్రి మీద బురద చల్లితే ఊరుకోను. మా ఆవిణ్ణి ఇక్కడి డాక్టర్లు కడుపులో పెట్టుకుని చూసుకున్నారు. ఆఖరి రోజున ఆపరేషన్ చేసిన సర్జనే నా భుజం మీద తలపెట్టి ఏడ్చాడు. అందుకే ఈ వయసులో వీళ్ళకి చాకిరీ చేస్తున్నాను."

గడియారం చెయ్యి బీరువా మీదే ఆగిపోయింది. "అమ్మగారు పోయారా సార్?"

"రెండున్నరేళ్ళయింది. నీ టైము పోతోంది, చూసుకో."

ఎన్ని డ్యూటీల్లోనో ఆకలితో వస్తే పిలిచి కూర్చోబెట్టి కంచం పెట్టిన మనిషి. ఆ కబురు కూడా తెలియనంత దూరం పోయాననుకుని ఆమెకి సిగ్గేసింది. ఏడవడానికి మాత్రం టైము లేదు. బీరువాలోంచి సీసాల పుస్తకాలు ఒక్కొక్కటీ తీసి దుమ్ము దులిపి తేదీలు చూసింది. ఎనిమిదో పుస్తకంలో ఆ బుధవారం దొరికింది. గర్భసంచులకి రెండే వరసలు. రెండుసార్లు చదివి, పుస్తకం మైనపమ్మ ఒళ్ళో పెట్టింది.

"ఈ రెండు సంతకాలూ మీవేనా?"

"నావే."

"పైకి చదవండి."

"413 సీసా, మధ్యాహ్నం ఒకటీ ఇరవై. 412 సీసా, సాయంత్రం..."

"ఆరూ పది," అంది గడియారం. "ఆరూ పదికి మీ చేతికొచ్చిన గర్భసంచి, ఐదింటికే మూత వేసిన మెషిన్లోకి ఎలా వెళ్ళిందమ్మా?"

సీలు సార్ స్టూలు మీద ముందుకి వంగాడు. అబద్ధం ఎక్కడ తెగుతుందో పసిగట్టే పాత అలవాటు ఆయన్నీ వదల్లేదు.

"రోజూ పొద్దున్నే థియేటరు లిస్టు వస్తుంది," అంది మైనపమ్మ. "ఆ వరసలోనే నంబర్లు వేసుకుంటాం. డబ్బీల మీద పెన్సిల్‌తో ముందే రాసిపెట్టుకుంటాను. డాక్టరుగారికి డబ్బీ కోసం ఎదురుచూడటం గిట్టదు, చెయ్యి చాపగానే డబ్బీ పెట్టాలి. ఆ రోజు లిస్టులో మీ అక్కగారే ముందు. 412. రెండో ఆవిడ 413."

"అక్కకి ఆ పొద్దున బీపీ పెరిగింది. సాయంత్రానికి జరిపారు. బావ చెప్పాడు."

"మాకెవరూ చెప్పలేదమ్మా. మొదట వచ్చిన సీసా మొదటి నంబరుదే అనుకుని 412 డబ్బీ అందించాను. మర్నాడు మీ అక్కగారి సీసాకి మిగిలింది 413 డబ్బీ. సీసా మీద చీటీ ఉంటుంది. పుస్తకంలో సంతకం పెట్టేటప్పుడు చూశాను. డబ్బీ అందించేటప్పుడు చూళ్ళేదు. డాక్టరుగారు డబ్బీ మీద నంబరు చూసే రిపోర్టు రాస్తారు."

సీలు సార్ కల్పించుకున్నాడు. "ఇదంతా ఊహ. కోర్టులో నిలబడదు. సీసాల పుస్తకంలో టైమే తప్పు రాసుండొచ్చు."

"ఉండొచ్చు సార్. అందుకే ఇంకోటి చూద్దాం." గడియారం రిపోర్టుల రిజిస్టరు లాగింది. "కోసేముందు తూకం వేసి రాస్తారు. 412, నూట నలభై గ్రాములు. 413, పదకొండు వందల గ్రాములు. అక్కకి ఐదో నెల కడుపంత గడ్డ ఉందని సర్జను డిశ్చార్జి కాగితంలో రాశాడు, నా దగ్గరుంది. నూట నలభై గ్రాముల్లో అంత గడ్డ పడుతుందా?"



413 రిపోర్టు కింద ఎర్రసిరాతో గీత గీసి ఉంది. లోపలి పొరలో పుట్టిన సార్కోమా, నెమ్మది రకం. దాని కిందే ఇంకో మాట, హార్మోను మీద బతికేది అని. గడియారం కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. మాత్రలతో అణిగే రకం. గట్టి మందు అక్కర్లేదు. అక్క భయపడిన ఆ మందు అక్కర్లేదు. మైనపమ్మ అప్పటికే సొరుగు లాగింది. 413 దిమ్మ దాని చోటులో అది ఉంది. చెయ్యి చాపితే అందుతుంది.

"అమ్మా, ఆ దిమ్మ ఇవ్వాలంటే ఏం కావాలి?"

"ఆ నంబరు మనిషి సంతకం. లేకపోతే రిపోర్టు తీసుకెళ్ళిన బంధువుది. అది లేకుండా ఏ ఆసుపత్రీ తీసుకోదు."

నాలుగూ యాభై రెండు. ఈ కాస్త టైములో ఆ బంధువుని ఎక్కడ పట్టుకోవాలి? ఇంకో సంగతి కూడా ఆమెకి అప్పుడే తట్టింది. అక్క జబ్బు 413లో ఉంటే, 413 నంబరు ఆవిడకి లేని జబ్బు అంటగట్టారు. మూడేళ్ళుగా ఆవిడకి దేనికి వైద్యం చేస్తున్నట్టు?

పేరు కోసం ఆగకుండా రిజిస్టరులో చివరి గడికి వేలు జరిపింది. రిపోర్టు తీసుకున్నవారి సంతకం. నిటారుగా మొదలై, చివర కిందకి కొక్కెంలా తిరిగే సంతకం. ఆ సంతకం ఆమె ఉద్యోగం కాగితాల మీద పదేళ్ళు చూసింది. రాజీనామాని ఆమోదించింది కూడా ఆ సంతకమే.

తల ఎత్తాలంటే భయమేసింది. ఎత్తింది.

"సార్, అమ్మగారికి ఏమొచ్చింది?"

"ఎందుకు?"

"చెప్పండి సార్."

"అదేదో సార్కోమా. గర్భసంచి తీశాక రిపోర్టులో బయటపడింది. నెమ్మది రకమే కానీ, హార్మోను తయారయ్యే అండాశయాలూ, చుట్టూ ఉన్న గ్రంథులూ తీసెయ్యాలన్నారు. రెండో ఆపరేషన్ చేశారు. తొమ్మిదో రోజున రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తుల్లోకి..." అంటూ ఆగిపోయాడు. ఆమె వేలు ఎక్కడుందో అప్పుడు చూశాడు. లేచి వచ్చాడు. కళ్ళజోడు పెట్టుకుని, తీసి, తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఇది నా సంతకం," అన్నాడు, ఎవరో అడిగినట్టు.

ఆయన మైనపమ్మ వైపు తిరిగాడు. "ఏమ్మా, మా ఆవిడది ఏ డబ్బీలో ఉంది?"

"412లో, సార్."

"అందులో ఏముంది?"

"మామూలు గడ్డ సార్."

"జబ్బు?"

మైనపమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "లేదు సార్."

"లేకపోతే రెండోసారి ఎందుకు కోశారు?" గొంతు పెద్దది చెయ్యలేదు. అరిచినా బావుండేది. "వద్దని ఏడ్చింది మా ఆవిడ, గడియారం. ఒళ్ళంతా బాగానే ఉంది, నన్ను మళ్ళీ బల్ల ఎక్కించొద్దని నా చేతులు పట్టుకుంది. నెల రోజులు కూర్చోబెట్టి నేనే ఒప్పించాను. కాగితంలో ఉంది కదా అన్నాను."

జీవితంలో మొదటిసారి గడియారానికి ఎదుటి మనిషిని ఎన్ని గంటలకి అని కాకుండా ఇంకేదైనా అడగాలనిపించింది, మాట దొరకలేదు. గోడమీద ముల్లు మాత్రం ఆగలేదు. ఐదు దాటింది. ఆయన చేతిలో ఆర్డరుంది. ఇప్పుడాయన లక్క కరిగిస్తే, అక్క సంగతి అంతే.

"సార్, మిమ్మల్ని అడక్కూడదు. అయినా అడుగుతున్నాను. సంతకం పెట్టండి."

"పెడితే, నా భార్య ఏ జబ్బూ లేకుండా చచ్చిపోయిందని నా చేత్తో నేనే రాసిచ్చినట్టు."

"అవును సార్."

"పెట్టకపోతే?"

"పొద్దున మా అక్కకి మందు ఎక్కిస్తారు. ఆమె కూడా వద్దనే అంటోంది."

ఆయన జేబులో ఫోను మోగింది. గదంతా నిశ్శబ్దంగా ఉండటంతో అవతలి గొంతు అందరికీ వినపడింది. సూపరింటెండెంటు. "సీలు వేశారా? ఆవిడ చేతికి ఏదీ వెళ్ళకూడదు."

"ఒక దిమ్మ ఇస్తున్నాను సార్. నా భార్య నంబరుది. నా హక్కు," అని ఫోను పెట్టేశాడు. మైనపమ్మ ముందుకి జరిపిన ఫారం మీద సంతకం చేశాడు. చివరి కొక్కెం తిరగలేదు, చెయ్యి జారి గీత కాగితం దాటిపోయింది. దిమ్మని కవరులో పెట్టి గడియారం చేతికిచ్చాడు. "అక్కడి డాక్టర్లని ఈ ముక్క డీఎన్ఏని మీ అక్క రక్తంతో పోల్చి చూడమను. ఊరికే ఎవరి మాటా నమ్మకు."

ఐదూ పద్దెనిమిది. కిందకి మూడు నిమిషాలు, బావ బండి మీద ఇరవై ఐదు నిమిషాలు. సరిపోతుంది. ఆమె గుమ్మం దాటబోతుంటే వెనకనుంచి ఆయన గొంతు వినిపించింది. తనని కాదు, మైనపమ్మని అడుగుతున్నాడు.

"డబ్బీల మీద ఇలా ముందే రాసిపెట్టడం, ఆ ఒక్క రోజేనా?"

"కాదు సార్. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ ఇంతే. పంతొమ్మిదేళ్ళు."

"లిస్టు వరస ఎప్పుడెప్పుడు మారుతుంది?"

మైనపమ్మ అప్పటిదాకా ఆ ప్రశ్న తనకి తాను వేసుకున్నట్టు లేదు. మూడు గోడల సొరుగుల మీదుగా ఆవిడ చూపు నెమ్మదిగా తిరిగింది.

"వారానికి ఒకసారైనా మారుతుంది సార్."

సీలు సార్ చేతిలోని లక్క కడ్డీ బల్ల మీద పెట్టేసి, మొదటి సొరుగు లాగాడు. కింద మెట్ల మీద బూట్ల చప్పుడు, సూపరింటెండెంటు మనుషులు ఇద్దరో ముగ్గురో గబగబా ఎక్కి వస్తున్నారు.

"గడియారం, వరండా చివర వెనక మెట్లున్నాయి. పరిగెత్తు. వీళ్ళని నేను చూసుకుంటాను," అంటూ ఆయన లోపల్నుంచి తలుపు గడియ పెట్టేశాడు.

ఆమె కవరుని గుండెకి అదుముకుని పరిగెత్తింది. అక్కకి ఇంకా నలభై నిమిషాలుంది. ఆ సొరుగుల్లో పడున్న మిగతా ఆడవాళ్ళలో, ఏ జబ్బూ లేదనుకుని ఇంట్లో నిశ్చింతగా పని చేసుకుంటున్నవాళ్ళలో, ఎవరికెంత టైముందో చెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేరు.